గేరు కోసం డోరు తట్టిన చెయ్యి

ప్రభుత్వ కాగితాల్లో మా ఉద్యోగం పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఎన్ని ఊళ్లు తిరిగినా, నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్లు ఒక్కరూ గుర్తులేరు. జనానికి మేం బ్రేక్ ఇన్‌స్పెక్టర్లం. చేరిన కొత్తలో ఆ పిలుపు చిన్నతనంగా ఉండేది. రానురాను అదే ఇష్టమైంది.

రిటైరయ్యాక, డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు కరీంనగర్‌లోని మా ఇంటికి వస్తుంటారు. రూల్సు నాకంటే బాగా చదువుకున్న పిల్లలు. చాయ్ తాగుతూ అందరూ అడిగేది ఒకటే. "సార్, డ్రైవింగ్ టెస్టులో అసలు ఏం చూడాలి?" పరీక్షకు వచ్చేవాళ్లదీ ఇంచుమించు ఇదే ప్రశ్న. "సార్ ఏం చూస్తడు?" అని గేటు బయట ఒకర్నొకరు అడుగుతుంటారు. ఇద్దరికీ నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. నాకు ఆ పని నేర్పిన మనుషులున్నారు. వాళ్ల గురించే చెబుతాను.

బండి ఆగిపోయిన టీచరమ్మ

పరీక్ష బయటి నుంచి చూస్తే సులువైనదే. సీటు సర్దుకోవాలి, బెల్టు పెట్టుకోవాలి, అద్దాలు చూసుకోవాలి. స్కూటరైతే ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారిలో కాలు కింద పెట్టకుండా తిరగాలి. కారైతే ముందుకు వెళ్లిన దారినే వెనక్కి తేవాలి, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించాలి, ఆ తర్వాత రోడ్డు మీదికి వెళ్లి రావాలి. రోజూ నడిపేవాళ్లకు కూడా ట్రాక్ మీదికి రాగానే చెమటలు పడతాయి. పక్కన ఒకడు పెన్ను పట్టుకుని కూర్చుంటే ఎవరైనా తడబడతారు.

నా మొదటి పోస్టింగ్ కరీంనగర్‌లో. అక్కడ నా పైఅధికారి నర్సింగరావు సారు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచడం నేను చూడలేదు. ఒకరోజు ఒక టీచరమ్మ కారు పరీక్షకు వచ్చింది. ఎత్తు మీద ఆపిన బండి కదలలేదు. ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసింది, మళ్లీ ఆగింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేను పెన్ను తీశాను. గట్టు మీద నిలబడి చూస్తున్న సారు, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

"బండి ఆగినంక గా అమ్మ ఏం చేసింది, చూసినవా?"

"మళ్లీ స్టార్ట్ చేసింది సార్."

"గంతకంటె ముందు హ్యాండ్‌బ్రేక్ గుంజింది. అద్దంల ఎనుకకు చూసింది. అందరు నవ్వుతుంటె గూడ గాబరా పడలే. ఇంజను ఎవలికైనా ఆగుతది. ఆగినంక మనిషి ఏం చేస్తరో చూడు. నువ్వు చూసెటిది గదే."

మూడోసారి ఆమె బండి ఎత్తు ఎక్కింది. ఆమెకు లైసెన్స్ వచ్చింది, నాకు ఉద్యోగం ఏమిటో అర్థమైంది. ఆ తర్వాత ఎంతోమంది ఆఫీసర్ల కింద పనిచేశాను. కొందరు తొందరపెట్టారు, కొందరు పట్టించుకోలేదు. ఎవరి కింద ఉన్నా, బండి ఆగినప్పుడల్లా నా చెవిలో వినిపించింది మాత్రం నర్సింగరావు సారు గొంతే.

ఆవలించిన కుర్రాడు

మంచిర్యాలకు బదిలీ అయ్యాక బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా వచ్చేవారు. యంత్రాల మధ్య బతికేవాళ్లు కాబట్టి చేతులు చక్కగా ఆడేవి. ఒక ఉదయం నస్పూర్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. రాత్రి షిఫ్ట్ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా వచ్చాడని కళ్ల అంచున ఉన్న నలుపు చూస్తేనే తెలిసింది. ట్రాక్ మీద ఒక్క తప్పు చేయలేదు. ఎత్తు మీద బండి ఆపి, నేను కదలమనే దాకా ఎదురుచూస్తూ ఒక పెద్ద ఆవలింత తీశాడు. ఆ ఆవలింతలో కళ్లు మూతపడ్డాయి. మళ్లీ తెరుచుకోవడానికి కాస్త ఎక్కువ సమయమే పట్టింది.

"దిగు తమ్మీ," అన్నాను.

"ఏం తప్పు చేసిన సార్?"

"ఏం చెయ్యలేదు. పోయి పడుకో. నిద్ర తీరినంక రా, మిగతాది చూస్త."

అతను కోపంగా దిగాడు. ఇంటికి మాత్రం వెళ్లలేదు. ఆఫీసు వరండాలో బల్ల మీద వాలి క్షణంలో గురక పెట్టాడు. వచ్చేపోయేవాళ్లు అతన్ని చూసి పక్కనుంచి నడిచారు. మధ్యాహ్నం లేచి మొహం కడుక్కుని వచ్చి, "ఇప్పుడు చూడుండ్రి సార్," అన్నాడు. రోడ్డు మీద హాయిగా నడిపాడు. వెళ్లేముందు, "షిఫ్ట్ దిగినంక బండి మీద ఇంటికి పోవుడు రోజు గిట్లనే సార్, ఎన్నడు సోంచాయించలే," అన్నాడు. సోంచాయించడమంటే ఆలోచించడం. అతను ఆలోచించలేదు, నిజానికి అప్పటిదాకా నేనూ ఆలోచించలేదు. చేతికి వచ్చిన పని వేరు, ఆ పూట ఒంట్లో ఉన్న సత్తువ వేరు. రెండూ చూడాలి.

దుబాయ్ డ్రైవర్

అసలు చెప్పాలనుకున్నది పోశెట్టి గురించి. అప్పటికి నేను నిర్మల్‌లో ఉన్నాను.

పోశెట్టిది ఖానాపూర్ దగ్గర పల్లె. పన్నెండేళ్లు దుబాయ్‌లో ట్రాలా అనే పెద్ద లారీ నడిపి, ఇక చాలనుకుని ఇంటికి వచ్చేశాడు. ఖానాపూర్‌లో ఒక బడివాళ్లు పిల్లల వ్యాను నడపమని పిలిచారు. అతని పాత లైసెన్స్‌కు మాత్రం, అతను అక్కడ ఉండగానే గడువు తీరిపోయింది. గడువు దాటి చాలాకాలమైతే మళ్లీ పరీక్ష ఇవ్వాల్సిందే. అలా నా దగ్గరికి వచ్చాడు. తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కా, కళ్లకు చలువ అద్దాలు. వరుసలో నిలబడిన పిల్లల్ని చూసి కొంచెం నవ్వుకున్నాడు.

బండి డ్రైవింగ్ స్కూలుది. అలాంటి బండ్లలో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేను ఎక్కి కూర్చున్నాను.

ట్రాక్ మీద అతను వెనక్కి తెచ్చినంత చక్కగా బండిని వెనక్కి తెచ్చినవాణ్ని నేను చూడలేదు. ఒకటే విచిత్రం. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా అతని కుడిచెయ్యి వెళ్లి డోరుకు తగిలేది. డబ్, డబ్ అని చప్పుడు. సిగ్నల్ వేయబోతే మండుటెండలో అద్దం మీద వైపర్లు ఆడాయి. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి. ఇక్కడ అంతా తిరగేసి ఉంటుంది. అతనూ నవ్వాడు, నేనూ నవ్వాను.

గేటు దాటి మెయిన్ రోడ్డు మీద కుడికి తిప్పమన్నాను. తిప్పాడు. తిప్పి, దుబాయ్‌లో లాగే రోడ్డుకు కుడి అంచునే పట్టుకుని నింపాదిగా పోనిచ్చాడు. ఎదురుగా బస్సు వస్తోంది. నేను నా కాలి కింది బ్రేకు బలంగా తొక్కాను. బస్సు హారన్ కొడుతూ పక్కనుంచి వెళ్లిపోయింది. దాని గాలికి మా బండి ఊగింది.

పోశెట్టి నావైపు తిరిగాడు.

"ఎందుకు తొక్కిన్రు సారు? బస్సోడు రాంగ్‌ల వచ్చిండు, చూసిన్రా?"

నేను వేలితో ముందుకు చూపించాను. అతను మళ్లీ రోడ్డు వైపు చూశాడు. ముందు వెళ్తున్న బండ్లను చూశాడు, ఎదురుగా వస్తున్న వాటిని చూశాడు. కళ్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొహంలో రంగు పోయింది.

బండి ఎడమకు తీయించి, వారం ఆగి రమ్మన్నాను. అప్పుడు కోపమొచ్చింది.

"పన్నెండేండ్లు ట్రాలా నడిపిన సారు. ఒక్క యాక్సిడెంట్ లేదు. ఒక్కసారి పొరపాటైతె ఫెయిల్ జేస్తరా?"

"నువ్వు అక్కడ బాగా నడిపినవ్ కాబట్టే ఫెయిలైనవ్ అన్నా," అన్నాను. ఆ మాట అతనికి ఆ రోజు ఎక్కలేదు.

రాజమణి

వారం తర్వాత పోశెట్టి భార్యతో కలిసి వచ్చాడు. భార్య కూడా పరీక్షకే వచ్చింది. పేరు రాజమణి. చేతుల నిండా మట్టిగాజులు, కొంగు నడుముకు బిగించి దోపుకుంది. ఆమెనే ముందు పిలిచాను. తొణకకుండా నడిపింది. రోడ్డు మీద గేదెలు అడ్డమొస్తే హారన్ కొట్టకుండా ఆగింది, అవి పోయాక కదిలింది.

"ఎక్కడ నేర్చుకున్నవమ్మా?"

"పొలంల సారూ. ఆయన దుబాయ్ పోయినంక దున్నెటోళ్లు ఎవలున్నరు? మా మరిది ట్రాక్టర్ నేర్పిండు. కారు మొన్ననే నేర్చుకున్న."

ఆమె పాసైంది. తర్వాత పోశెట్టి ఎక్కాడు. ఈసారి చెయ్యి డోరుకు తగలలేదు. మెయిన్ రోడ్డు మీద ఎడమవైపే వెళ్లాడు. పెదవులు కదులుతున్నాయి. "ఎడమ, ఎడమ" అని లోపల అనుకుంటున్నాడని తెలుస్తోంది. అంతా బాగుందనుకునే లోపల, ఎదురుగా ఒక లారీని దాటడానికి ఒక కారు మా దారిలోకి దూసుకొచ్చింది. ఇక్కడి డ్రైవరైతే ఎడమ అంచుకు తప్పుకుంటాడు. పోశెట్టి కుడికి తిప్పేశాడు, నేరుగా లారీ వైపు. నేను స్టీరింగ్ మీద చెయ్యేసి లాగాను, బ్రేకు తొక్కాను. బండి ఎడమపక్క మట్టిలోకి దిగి ఆగింది.

ఈ పనిలో ఇది తెలుసుకోవాలి. నింపాదిగా ఉన్నప్పుడు మనిషి తెలివితో నడుపుతాడు, ఉలిక్కిపడ్డప్పుడు అలవాటుతో నడుపుతాడు. పిల్లల వ్యానుకు ఆ రెండోదే ముఖ్యం.

ఈసారి అతను వాదించలేదు. ఆఫీసుకు తిరిగొచ్చాక ప్రహరీ గోడ పక్కన గొంతుకూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడి, ఉలిక్కిపడ్డప్పుడు చెయ్యి పాత అలవాటుకొద్దీ కుడికి, లారీ వైపు పోయిందని వాళ్లిద్దరికీ చెప్పాను.

"గాడ ఉన్నన్ని దినాలు పానమంత ఇంటి దిక్కే ఉండె సారు," అన్నాడు. "ఇప్పుడు ఇంటికొస్తే చెయ్యి గాడికే పోతుంది. గిదేం బతుకు?"

రాజమణి నీళ్ల సీసా తెచ్చి అతని చేతికిచ్చింది. నావైపు చూసి చెప్పింది.

"ఇంట్ల గూడ గంతే సారూ. లైటు స్విచ్చు ఏడున్నదో ఎరుక లేదు. కంచం ముంగట పెడితె, ఎంతమంది తినాలె, కొంచెం తీస్కుంట అంటడు. గాడ రూముల పది మందితోని తిన్నడు గద." తర్వాత మొగుడి వైపు తిరిగి, "ఫికర్ జెయ్యకు. నేను ట్రాక్టర్ నేర్చుకోలేదా? నువ్వు గిది నేర్చుకో. నేను పక్కన కూసుంట," అంది.

పోశెట్టి నీళ్లు తాగాడు. లేచి ఆమె వెంట నడిచాడు.

ఒక ఫోను

మర్నాడు మా ఆఫీసరు నన్ను పిలిచారు. ఆయనకు నాకు అంత పొసగేది కాదు. పని గబగబా తెమలాలనే మనిషి. బడివాళ్లు ఎవరో నాయకుడితో చెప్పించారట, ఆ నాయకుడు ఈయనకు ఫోను చేశాడట.

"అంత అనుభవం ఉన్న డ్రైవర్‌ను రెండుసార్లు ఫెయిల్ చేస్తివట. నాలుగు రోజులు నడిపితె అలవాటైతది. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. బస్సు సంగతి, లారీ సంగతి. చివరికి, "సార్, ఆ నాలుగు రోజులు వ్యాన్‌ల ఎవరి పిల్లల్ని కూర్చోబెడదాం?" అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. వాళ్ల మనవరాలు ఆ ఏడే బడికి పోవడం మొదలుపెట్టిందని నాకు తెలుసు. ఆ మాట నేను ఎత్తలేదు. కాసేపటికి ఫోను తీసి, నా ముందే ఆ నాయకుడికి చేశారు. "లేదన్నా, కాదు. మావోడు చెప్పింది కరెక్టే. నేర్చుకోని రమ్మను," అని పెట్టేశారు. నన్ను చూడకుండానే, "ఇగ పో, పని చూస్కో," అన్నారు.

ఆ ఆఫీసరు మీద నాకు చాలా ఫిర్యాదులుండేవి. ఆ ఒక్క ఫోనుతో అవన్నీ తీరిపోయాయి. కొత్తగా చేరేవాళ్లకు ఒక మాట. పైఅధికారి మన మాట వినడని ముందే తీర్మానించుకోకండి. చూసింది చూసినట్టు చెప్పండి. కొందరు వినరు. వినేవాళ్లు ఎవరో, చెప్పిన తర్వాతే తెలుస్తుంది.

మూడోసారి

పోశెట్టి వెంటనే రాలేదు. వర్షాలు మొదలయ్యాక వచ్చాడు. ఇద్దరూ వచ్చారు. చలువ అద్దాలు లేవు. ఎడమచేతి మణికట్టుకు ఒక పాత దస్తీ, అంటే చేతిరుమాలు, కట్టి ఉంది.

"ఇదేంది?" అని అడిగాను.

రాజమణి నవ్వింది. "గేరు గీ చేతిదని యాదుండెతందుకు కట్టిన సారూ. రోజు పొద్దుగాల కాలువ కట్ట మీద నడిపిచ్చిన. నడుమ నడుమ, అగో, అగో అని ఒర్రి బుగులు పెట్టిన. ముందుగాల కుడికే పోయెటోడు. తర్వాత తర్వాత ఆగుడు మొదలువెట్టిండు. ఇప్పుడు ఎడమకు పోతుండు."

"నేను తిట్టిన సారు," అన్నాడు పోశెట్టి. "గట్ల ఒర్రితె పానం పోతది అన్న."

"తిట్టిండు. అయినా నేను ఊకోలే."

అలా అరిచి భయపెట్టి, ఆ ఉలికిపాటునే మార్చాలని ఆమెకు ఎవరు చెప్పారు? ఆ రోజు గోడ పక్కన నేను లారీ సంగతి చెబుతుంటే విన్నది, ఇంటికెళ్లి ఆలోచించింది. అంతే.

బండి ఎక్కాం. రోడ్డు తడిగా ఉంది. వెళ్లేటప్పుడు ఏమీ జరగలేదు. తిరిగొస్తుండగా మలుపు దగ్గర ఒక మోటారు సైకిల్, ముగ్గురెక్కి, మాకు ఎదురుగా రాంగ్ సైడులో వచ్చింది. నా కాలు బ్రేకు మీదికి పోయింది. తొక్కే పని పడలేదు. పోశెట్టి అప్పటికే వేగం తగ్గించి ఎడమ అంచుకు తీశాడు. దస్తీ కట్టిన చెయ్యి తనంత తానే గేరు మీదికి వెళ్లింది. మోటారు సైకిల్ జారుతూ, తూలుతూ దాటిపోయింది. మా బండి మెల్లగా సాగింది.

ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాక, "పాసైనవ్ అన్నా," అన్నాను.

అతను దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

"సారు, జర ఇంకోపారి పోయొద్దామా?"

"ఎందుకు? అయిపోయింది కదా."

"ఒక్కపారి అయితె అదృష్టం గూడ కావచ్చు సారు. పోరగాండ్లను కూసోబెట్టుకునేటోన్ని. ఇంకోపారి చూడుండ్రి."

సర్వీసు మొత్తంలో పాసైన తర్వాత మళ్లీ పరీక్షించమని అడిగిన మనిషి అతనొక్కడే. మళ్లీ వెళ్లాం. ఈసారి ఎక్కువ దూరం, బజారు మధ్యలోంచి, సంత జనంలోంచి. నేను ఒక్క మాటా చెప్పలేదు. కిటికీ లోంచి వాన చినుకులు పడుతుంటే, చాలా ఏళ్ల తర్వాత ఒకరు నడిపే బండిలో ఊరికే కూర్చుని రోడ్డు చూశాను. తిరిగొచ్చేసరికి రాజమణి గేటు దగ్గర తడుస్తూ నిలబడి ఉంది. ఫెయిలైనట్టుందని భయపడిందట. పోశెట్టి బండి దిగి, మణికట్టు మీది దస్తీ విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

ఇప్పుడు

ఇప్పుడు కొన్నిచోట్ల ట్రాకుల మీద సెన్సార్లు, కెమెరాలు వచ్చాయి. మంచిదే. సిఫారసులు తగ్గుతాయి. గీత తొక్కితే యంత్రం పట్టేస్తుంది. కానీ షిఫ్ట్ దిగి వచ్చిన కుర్రాడి ఆవలింత, భయపడ్డ మనిషి చెయ్యి ఎటు పోతుందో, ఇవి చూడటానికి పక్క సీటులో ఒక మనిషి ఉండాలి. ఆ సీటు మీకు దొరికింది. దాన్ని చిన్నచూపు చూడకండి. ఎదుటివాళ్లు ప్రాణం చేతిలో పెట్టుకుని పక్కన కూర్చుంటారు, మన ప్రాణం కూడా వాళ్ల చేతిలో పెడతాం. అంత నమ్మకం ఇచ్చే ఉద్యోగం నాకైతే ఇంకొకటి తెలియదు.

పోయిన చలికాలం ఒక పెళ్లికి వెళ్తూ ఖానాపూర్ మీదుగా పోయాను. ఊరి చివర, రోడ్డుకు అవతలి పక్క, పసుప్పచ్చ బడి వ్యాను ఒకటి ఆగి ఉంది. డ్రైవర్ సీటులో ఉన్న మనిషిని చూసి సంతోషం పట్టలేక, రోడ్డుకు ఆ పక్కకు కారు తిప్పి, వ్యాను ముందుకు తెచ్చి ఆపేశాను. ఆ సీటులో ఉన్నది రాజమణి.

"సారూ! బాగున్నరా?" అంది, దిగకుండానే.

"నువ్వు నడుపుతున్నవా? పోశెట్టి ఏడి?"

"ఎనుక వ్యాను ఆయనదే సారూ, వస్తుండు. బడోళ్లు రెండో వ్యాను కొన్నరు. నేనే అడిగిన, ఇచ్చిన్రు." నవ్వుతూనే నా కారు వైపు చూసింది. "సారూ, జర మీ బండి ఎడమకు తీస్కోండ్రి. రాంగ్‌ల పెట్టిన్రు. పోరగాండ్లు దిగుతరు."

చూసుకున్నాను. నిజమే. వెళ్లి కారును ఎడమకు తీసుకున్నాను. పిల్లలు ఒక్కొక్కరే దిగి ఇళ్లకు పోయేదాకా ఆమె వ్యాను కదలలేదు, నేనూ కదలలేదు.